డిస్నీ టికెట్లలో వచ్చిన మార్పులు: పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఏది మేలు?

ప్రశ్న: డిసెంబరులో అమ్మానాన్నలతో, రెండేళ్ల పాపతో ఓర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్లాలనుకుంటున్నాం. ఇదివరకు పొడవాటి క్యూలో నిలబడకుండా రైడ్ ఎక్కనిచ్చే ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఇచ్చేవారట. ఇప్పుడు ఏ టికెట్ తీసుకోవడం మంచిదో దయచేసి చెప్పగలరా?

జవాబు: 2018 అక్టోబరు నుంచి టికెట్ ధర వెళ్లే తేదీని బట్టి మారుతోంది కనుక, క్రిస్మస్ వారం కాకుండా నెల మొదట్లో వెళ్లండి. మూడేళ్లు నిండని పాపకు టికెట్ అక్కర్లేదు.

జవాబు: ఉచిత ఫాస్ట్‌పాస్ స్థానంలో 2021 అక్టోబరులో రోజుకు 15 డాలర్ల జీనీ ప్లస్ వచ్చింది. 2024 జులైలో దాని స్థానంలోకి వచ్చిన లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌లో, డిస్నీ హోటళ్లలో దిగినవారు 7 రోజుల ముందు, మిగతావారు 3 రోజుల ముందు మూడు రైడ్లు ఎంచుకోవచ్చు. ఒకప్పుడు అందరికీ ఉచితంగా దక్కిన సౌకర్యానికి ఇలా వెల కట్టడం మధ్యతరగతి కుటుంబాలకు భారమే. రైడ్లు ఎక్కని పెద్దవాళ్లకు ఇది కొనకండి.

జవాబు: ఒకే రోజు ఒకటికి మించి పార్కులకు వెళ్లనిచ్చే పార్క్ హాపర్ కూడా వద్దండి. పెద్దవాళ్లకు రోజుకు ఒక పార్కే ఎక్కువ.