‘ఇన్ ది మూడ్’ రిఫ్ మూలం గురించి: తెలిసినవారు చెప్పగలరా?

స్వింగ్ యుగపు (1930–40ల నాటి జాజ్) బ్యాండ్ల రికార్డులను కాలక్రమంలో వింటున్న నాకు ఒక సందేహం తీరడం లేదు. జాజ్ చరిత్ర తెలిసినవారి సాయం కోరుతున్నాను.

గ్లెన్ మిల్లర్ బృందం 1939 ఆగస్టులో రికార్డు చేసిన ‘ఇన్ ది మూడ్’కు స్వరకర్తగా జో గార్లండ్ పేరు ఉంది. అయితే దాని ప్రధాన రిఫ్, అంటే నాలుగు దెబ్బల లయ మీద మూడేసి స్వరాల గుంపులుగా మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే ఆ చిన్న పలుకు (మన చతురశ్ర నడకలో మూడేసి అక్షరాల అల్లిక విన్నవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది), 1930లో వింగీ మనోన్ రికార్డు చేసిన ‘టార్ పేపర్ స్టాంప్’లోనూ, 1931లో ఫ్లెచర్ హెండర్సన్ బృందం వాయించిన ‘హాట్ అండ్ యాంక్షస్’లోనూ స్పష్టంగా వినిపిస్తుంది. మిల్లర్ కన్నా ముందే, 1938లో, ఎడ్గర్ హేస్ బృందం గార్లండ్ రచనను రికార్డు చేసింది.

పన్నెండు బార్ల (తాళ ఆవర్తనాల) బ్లూస్ చట్రం, అంటే ఇలాంటి పాటలకు ఆధారమైన స్వరమేళాల వరుస, అందరిదీ కాబట్టి ఇలాంటి రిఫ్‌లు వాద్యకారుల నోటా చేతా తిరిగి ఉంటాయన్న వాదన నాకు సబబుగానే తోస్తుంది. కానీ ఇంత పోలికను అది ఒక్కటే వివరించలేదనిపిస్తుంది.

1930కి ముందు ఈ రిఫ్ వినిపించే రికార్డు ఏదైనా మీ దృష్టికి వచ్చిందా? రాతలో లేని రిఫ్‌పై హక్కు కోరడానికి అప్పటి అమెరికా కాపీరైట్ చట్టం ఎంతవరకు వీలిచ్చేదో కూడా దయచేసి వివరించగలరా?