మే సెలవులకు పిల్లలతో అండమానా, శ్రీలంకా? (పాపకి 11, బాబుకి 7)

హనుమకొండ నాన్న

మా ఇంట్లో పది రోజులుగా ఒకటే పంచాయితీ. అన్నం దగ్గర కూడా ఇదే. మీ ముందు పెడుతున్నా, తీర్పు చెప్పండి.

పోయినేడు గోవా వెళ్లాం. హోటల్లో ఈత కొలను ఉంది, పొద్దున టిఫిన్ బాగుంది, అంతే. మూడో రోజుకి పిల్లలిద్దరూ చెరో ఫోన్ పట్టుకుని ఏసీ కింద పడుకున్నారు. ఇంటికొచ్చాక పాప "నాన్నా, మనం అక్కడ ఏం చేశాం?" అంది. నేను చర్చి, కోట అని లెక్కపెట్టా. "చూసినవి కాదు, చేసినవి చెప్పు" అంది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఈసారి అడవీ సముద్రమూ రెండూ ఉండి, పిల్లలు ఒళ్లు వంచి ఏదైనా చేసే చోటికే వెళ్దామనుకున్నాం. నా ఓటు అండమాన్‌కి. పాస్‌పోర్టుతో పని లేదు, డబ్బు మార్చుకునే బాధ లేదు, హైదరాబాద్ నుంచి విమానం ఉంది. మా ఆవిడ శ్రీలంక అంటోంది. ఏనుగులు, గుట్టలు, సముద్రం ఒకే చుట్టులో వస్తాయట. పైగా తనకి పడవ ఎక్కితే వాంతులు. పాప రెండేళ్లుగా ఈత నేర్చుకుంటోంది, స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగుకి దిగడం) చేసి తీరాలంటోంది. బాబుకి ఏనుగు కనిపిస్తే చాలు.

సెలవు దొరికేది మే 16 నుంచి 24 వరకు. అంతకంటే ముందు నాకు కుదరదు.

జంగ్లీఘాట్ అమ్మాయి

అన్నా, నేను పుట్టింది పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. 2024 నుంచి కాగితాల మీద శ్రీ విజయపురం అయింది గానీ ఇంట్లో ఇంకా పాత పేరే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా పేటలో చేపల బజారుకి వస్తే మీరు తెలుగులోనే బేరం ఆడొచ్చు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఊరికి రావద్దని చెప్పడం నాకే బాధగా ఉంది.

కానీ ఆ తేదీల్లో రావద్దు. దేశం మొత్తంలో నైరుతి మొదట తగిలేది మాకే. కేరళకి జూన్ 1 అంటారు కదా, మా దగ్గరికి మే 20 అటూ ఇటూగా వచ్చేస్తుంది. 2025లో అయితే 13కే వచ్చింది. వాన పడితే ఫరవాలేదు, తడుస్తారు. గాలి మొదలైతేనే తంటా. హేవ్‌లాక్ వెళ్లే పడవలు ఆపేస్తారు. ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, టికెట్టు మీద అదే ఉంటుంది. మీరు అక్కడ, మీ తిరుగు విమానం ఇక్కడ. పిల్లలతో అది ఎంత టెన్షనో మీరే ఊహించుకోండి. నీళ్లు కలకబారితే స్నార్కెలింగ్‌లో, అంటే మాస్కూ గొట్టమూ పెట్టుకుని పైన తేలుతూ కిందకి చూడటంలో, కనిపించేది ఏమీ ఉండదు.

ఏప్రిల్ ఆఖర్లో వస్తే సముద్రం అద్దంలా ఉంటుంది. మీ తెలంగాణ బళ్లకి ఏప్రిల్ 24 నుంచే సెలవులు కదా, ఇంకోసారి ఆలోచించండి.

హనుమకొండ నాన్న

ఏప్రిల్లో సెలవు అడిగితే మా మేనేజరు నన్ను శాశ్వతంగా ఇంటికి పంపిస్తాడు చెల్లీ.

బెజవాడ అమ్మ

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. రెండేళ్ల కిందట మే నెలాఖరులో మేం వెళ్లాం. ప్యాకేజీ అమ్మిన ఏజెంటు "రెండు చినుకులు పడతాయి మేడమ్, చల్లగా ఉంటుంది" అన్నాడు. హేవ్‌లాక్‌లో ఒకటిన్నర రోజు ఇరుక్కుపోయాం. కరెంటు పోతూ వస్తూ ఉంది. మా వాడు మ్యాగీ తప్ప ఏదీ ముట్టలేదు. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు, విమానం టికెట్లు మళ్లీ కొనుక్కున్నాం.

అయినా ఒకటి చెప్పాలి. వాన రాకముందు రాధానగర్ బీచ్‌లో ఒక సాయంత్రం దొరికింది మాకు. ఇసుక మీద చిన్న చిన్న గుండ్రటి ఉండలు, ముగ్గు చుక్కలు పెట్టినట్టు. మా వాడు గంటసేపు బోర్లా పడుకుని అవి చేసే పీతని పట్టుకోవాలని చూశాడు. చేతికి చిక్కలేదు. ఇప్పటికీ ఆ పీత గురించే చెప్తాడు, మ్యాగీ గురించి కాదు.

కొలంబో కాఫీ

వదినగారి మాటే నెగ్గాలి. పోయిన మేలో మా ఇద్దరు పిల్లలతో శ్రీలంక వెళ్లొచ్చా, వాళ్లకి 6, 9.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. శ్రీలంక అనగానే బెంటోటా, మిరిస్సా, గాలే అని దక్షిణం పట్టుకుంటారు. మే నుంచి నైరుతి కొట్టేది ఆ పక్కనే. తిమింగలాలు చూపించే మిరిస్సా పడవల సీజను నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మేలో తూర్పు తీరం పట్టుకోవాలి. ట్రింకోమలీ, నిలావెలి వైపు సముద్రం అప్పుడే బాగుంటుంది. అక్కడ వాన కాలం మన ఈశాన్య రుతుపవనాలప్పుడు. ఒకే దీవికి రెండు వైపులా రెండు వేర్వేరు కాలాలు.

మేం చేసింది ఇది. హైదరాబాద్ నుంచి కొలంబోకి రెండు గంటలు. అక్కడి నుంచి వ్యాన్‌లో నాలుగైదు గంటలు, సిగిరియా దగ్గర మూడు రాత్రులు. తర్వాత రెండు గంటల దారి, నిలావెలిలో నాలుగు రాత్రులు. అంతే. కాండీ, ఎల్లా కొండల రైలు జోలికి పోలేదు. తొమ్మిది రోజుల్లో అది కూడా ఇరికిస్తే పిల్లలు చూసేది వ్యాను కిటికీ మాత్రమే.

సిగిరియా గుట్ట దాదాపు 1200 మెట్లు. మా ఆరేళ్లది ఎక్కింది. నన్ను రెండుసార్లు ఆపింది, ఆయాసం వచ్చింది నాకు. తెల్లారి గేటు తీయగానే మొదలుపెట్టాలి, ఎండెక్కితే రాయి కాలిపోతుంది. ఇంకోటి, అక్కడ పెద్ద తుట్టెలున్నాయి, గోల చేయొద్దని బోర్డులు పెట్టారు. మా పెద్దవాడు జీవితంలో మొదటిసారి గంటన్నర నోరు మూసుకున్నాడు. కందిరీగలకి దణ్ణం.

నిలావెలి ఎదురుగా పావురాల దీవి అని ఉంది, పడవలో పావుగంట కూడా పట్టదు. వదినగారు కళ్లు మూసుకుని తెరిచేలోపు ఒడ్డు. లోతు తక్కువలో చిన్న సొరచేపలు తిరుగుతాయి, రెక్క కొసన నల్ల మచ్చ ఉంటుంది, మనిషిని చూస్తే అవే పారిపోతాయి. పగడాలు కొంత దెబ్బతిన్నాయి, సెలవు రోజుల్లో జనం కూడా ఎక్కువే. అబద్ధం చెప్పను.

తిండి గురించి అడగరా? ఇడియాప్పం, కొబ్బరి పచ్చడి, అన్నం, పప్పు. మట్టి ముంతలో గేదె పాల గడ్డ పెరుగు, దాని మీద చెట్టు బెల్లం పాకం. మా ఆరేళ్లది ముంత ఇంటికి తెస్తానని ఏడ్చింది. తెచ్చాం. ఇప్పుడు దాంట్లో పెన్సిళ్లు ఉన్నాయి.

లెక్కల మాస్టారు

కోపం తెచ్చుకోకండి. ఏడేళ్ల పిల్లాడికి పెద్దయ్యాక ఇందులో ఎంత గుర్తుంటుంది? లక్షలు పోసి సముద్రాలు దాటేది పిల్లల కోసమా, స్టేటస్ ఫొటోల కోసమా? మారేడుమిల్లి అడవికి వెళ్లండి. వాగులో దింపండి, బొంగులో చికెన్ తినిపించండి. అదీ సాహసమే. మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే మోట బావిలో దూకడం. ఎవడూ లైఫ్ జాకెట్ వేయలేదు.

బెజవాడ అమ్మ

మాస్టారూ, ఆ బావుల్లో పోయిన పిల్లల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. మా మేనమామ ఒకాయన అలా పోయాడు.

లెక్కల మాస్టారు

అది నిజమే అమ్మా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మారేడుమిల్లి మాత్రం తీసుకోను.

రుషికొండ డైవర్

విశాఖలో పదకొండేళ్లుగా డైవింగ్ నేర్పుతున్నా. పాప స్కూబా గురించి మాత్రం చెప్తాను, మిగతా గొడవలో నేను లేను.

మామూలుగా సముద్రంలో మొదటి డైవ్‌కి పదేళ్లు నిండాలి. పాపకి 11 కాబట్టి అడ్డు లేదు. బాబుకి కుదరదు. "ఏం కాదు సార్, పక్కనే పట్టుకుంటాం" అని ఎవరైనా ఏడేళ్లవాడికి సిలిండర్ తగిలిస్తామంటే ఆ మనిషి దగ్గర పాపని కూడా దింపొద్దు.

పాపకి ఈత రావడం మంచిదే, అయితే అసలు పరీక్ష చెవులది. కిందకి దిగుతుంటే ముక్కు మూసి మెల్లగా ఊదాలి, రెండు చెవుల్లోనూ టప్ మనాలి. జలుబు ఉంటే ఆ గాలి పోదు, నొప్పి పుడుతుంది. ఆ రోజు మానుకోవాల్సిందే, డబ్బు కట్టేశాం కదా అని దించొద్దు. డైవ్ చేసిన రోజే విమానం కూడా ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. నేనైతే పూర్తిగా ఒక రోజు వదిలేయమంటాను.

బాబుకి స్నార్కెలింగ్ చాలు. కానీ అక్కడ దొరికే లైఫ్ జాకెట్లు చాలా చోట్ల పెద్దవాళ్లవే. చిన్నపిల్లాడికి తొడిగి నీళ్లలో దింపితే జాకెట్ పైకి తేలుతుంది, వాడు కిందకి జారతాడు, ముక్కు దాకా జాకెట్లోనే. కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది, వాడి బరువుకి సరిపోయేది ఇక్కడే కొనుక్కుని పట్టుకెళ్లండి. మాస్కు కూడా అంతే. ముఖానికి ఆనించి, పట్టీ లేకుండా ముక్కుతో గాలి పీల్చమనండి. చేయి తీసేసినా ఊడకపోతే అది వాడి సైజు.

సైకిల్ సాంబయ్య

అండమాన్ అని అందరూ హేవ్‌లాక్ దగ్గరే ఆగిపోయారు. బారటాంగ్ దీవిలో సున్నపురాయి గుహలు, మడ అడవుల మధ్య పడవ, బురద అగ్నిపర్వతం, అది కదా పిల్లలకి సాహసం! దారిలో జరావాలు, అదే అక్కడి అడవి తెగవాళ్లు, కూడా కనిపిస్తారు. మా పిల్లలు ఆ అడవి రోడ్డు మీద బండ్లన్నీ వరసగా వెళ్లే కాన్వాయ్‌ని ఇప్పటికీ మర్చిపోలేదు.

జంగ్లీఘాట్ అమ్మాయి

గుహలు బాగుంటాయి, కాదనను. కానీ "జరావాలు కూడా కనిపిస్తారు" అన్న మాట దగ్గరే నాకు కడుపు మండుతుంది. అది వాళ్ల అడవి. సుప్రీంకోర్టు 2002లోనే ఆ రోడ్డు మూసేయమంది. 2012లో బయటికొచ్చిన వీడియోలో పర్యాటకుల ముందు వాళ్ల ఆడపిల్లలతో డాన్స్ చేయించడం లోకమంతా చూసింది. బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు అని రూల్ ఉంది, అయినా అద్దం దించి మెడలు సాచేవాళ్లని ఎంతమందినో చూశాను. మనం తెచ్చే దగ్గూ జలుబూ కూడా వాళ్లకి పెద్ద జబ్బులే.

పిల్లల్ని తీసుకెళ్తే ఆ బస్సులో కూర్చుని వాళ్లకి ఏం చెప్తారు?

సైకిల్ సాంబయ్య

ఆ రోడ్డు మీద రోజూ మీ అండమాన్ బస్సులే తిరుగుతాయి. ఉత్తర అండమాన్ వాళ్లకి ఆసుపత్రికి రావాలంటే అదే దారి. టూరిస్టు ఒక్కడే పాపాత్ముడా?

జంగ్లీఘాట్ అమ్మాయి

ఆసుపత్రికి వెళ్లేవాడు తప్పదని వెళ్తాడు. గుహ చూడకపోతే ఎవరికీ ఏమీ కాదు. అదే తేడా. మీరు అడగలేదు గానీ ఇంకో సాహసం చెప్తా. అమావాస్య దగ్గర్లో హేవ్‌లాక్‌లో మడ అడవుల పక్కన చీకట్లో కయాక్ తీసుకెళ్తారు. తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి. చేయి ముంచితే వేళ్ల చుట్టూ మెరుపు. నేను ఇక్కడే పుట్టాను, నాకే ఇంకా వింతగా ఉంటుంది. ఒక్కటి, మొసళ్ల బోర్డు ఉన్న చోట మాత్రం పాదం కూడా తడపొద్దు. ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి, 2010లో రాధానగర్ పక్కనే ఒక టూరిస్టు ప్రాణం పోయింది.

డల్లాస్ నుంచి కోడలు

మధ్యలో దూరుతున్నాను. శ్రీలంక అంటే దోమలు, మలేరియా అని మా అత్తగారు భయపెడుతున్నారు, నిజమేనా? మేం కూడా వచ్చే ఏడాది అనుకుంటున్నాం.

కొలంబో కాఫీ

మలేరియా లేదండీ. 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. డెంగీ మాత్రం ఉంది, అది పగలు కుట్టే దోమ. పిల్లలకి పూర్తి చేతుల చొక్కాలు వేయండి, దోమల క్రీము రాయండి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు చేసేదే.

హనుమకొండ అన్నా, ఏనుగుల మాట మర్చిపోయా. మిన్నేరియా చెరువు దగ్గర వందల ఏనుగులు చేరే వేడుక ఆగస్టు, సెప్టెంబరులో. మేలో అంత గుంపు ఉండదు, డ్రైవర్ల మాటలు నమ్మొద్దు. కానీ చుట్టుపక్కల పార్కుల్లో ఏనుగులు కనిపిస్తాయి. మాకు ఒక గున్న తల్లి కాళ్ల మధ్య నుంచి తొంగి చూస్తూ కనిపించింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు, గడ్డి పీకే చప్పుడు వినిపించింది. హబరణ నుంచి ట్రింకోమలీ వెళ్లే దారిలో చీకటి పడ్డాక మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, అవి రోడ్డు మీదికే వస్తాయి.

లెక్కల మాస్టారు

ట్రింకోమలీలో కొండ మీద కోనేశ్వర స్వామి గుడి ఉంది, పక్కనే రావణుడు కత్తితో చీల్చాడని చెప్పే బండ ఉంటుంది. పిల్లలకి చూపించండి. నేను మారేడుమిల్లి మనిషినే గానీ, ఇది మాత్రం 1998 నుంచి చూడాలని ఉంది.

హనుమకొండ నాన్న

అందరికీ దండాలు. నిన్న రాత్రి ఇదంతా ఇంట్లో పైకి చదివాను. జంగ్లీఘాట్ చెల్లి మొదటి పోస్టుకే నా ఓటు పోయింది. మేకి శ్రీలంక ఖాయం. సిగిరియా మూడు, నిలావెలి నాలుగు, కొలంబోలో ఒకటి. ఎల్లా రైలు లేదని మా ఆవిడ కొంచెం ముఖం ముడుచుకుంది. పాప స్కూబా అక్కడ జలుబు లేకపోతేనే, అదీ తిరుగు విమానానికి రెండు రోజుల ముందు. అండమాన్ ఎత్తేయలేదు. బాబుకి పదేళ్లు నిండాక ఏదో ఒక ఏప్రిల్లో, మేనేజరు మారాక.

డైవర్ గారూ, మీరు చెప్పినట్టు మాస్కులు తెచ్చా. పొద్దుటి నుంచి ఇద్దరూ బాత్రూమ్‌లో బకెట్ ముందు కూర్చున్నారు. ఒకరు తల ముంచితే ఒకరు లెక్కపెడుతున్నారు. వాళ్లవి బాగానే అతుక్కున్నాయి. నాదే, ఎన్నిసార్లు బిగించినా ముక్కు కింద నుంచి నీళ్లు వస్తున్నాయి. మార్చుకురావాలా?

రుషికొండ డైవర్

మీకు మీసం ఉందా అండీ?

హనుమకొండ నాన్న

ఉంది. పెళ్లికి ముందు నుంచీ ఉంది.

రుషికొండ డైవర్

అయితే మాస్కు తప్పు కాదు. ముక్కు కింద రెండు వేళ్ల వెడల్పు గీసేస్తే చాలు. లేదంటే అక్కడ వాజెలిన్ మందంగా రాసి చూడండి, కొంత ఆపుతుంది.

హనుమకొండ నాన్న

మీసం జోలికి రావొద్దు సార్. నేను పడవలో కూర్చుని మా ఆవిడకి నిమ్మకాయ పట్టుకుంటా.