టాంటలం ఎక్కువున్న రాయిని కొలంబైట్ అనొచ్చా?

గూడూరు_నల్లరాయి:
మా తాత అభ్రకం గనిలో పనిచేసే రోజుల్లో ఇంటికి తెచ్చిన రాయి ఇది. గాల్లో తూస్తే 65 గ్రాములు, దారం కట్టి నీళ్లలో వేలాడదీస్తే 55. అంటే సాంద్రత 6.5. ల్యాబ్‌లో ఇస్తే టాంటలం ఆక్సైడ్ 48 శాతం, నియోబియం ఆక్సైడ్ 35, మిగతాది ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లని వచ్చింది. టాంటలమే ఎక్కువ కదా అని అట్ట మీద ‘టాంటలైట్’ అని రాసిపెట్టా. మొన్న ఒకాయన చూసి, కాదు, కొలంబైటే అన్నాడు. ఎవరిది రైటు?

లెక్కల_మాస్టారు:
ఆయనదే. పేరు పరమాణువుల సంఖ్యను బట్టి పెడతారు, బరువును బట్టి కాదు. నియోబియం పరమాణువులు ఎక్కువుంటే కొలంబైట్, టాంటలానివి ఎక్కువుంటే టాంటలైట్. టాంటలం పరమాణు భారం 181, నియోబియంది 93. ఒక్కోదానికి ఆక్సైడ్‌లోని ఆక్సిజన్ వాటా 40 కలిపి, 48ని 221తో, 35ని 133తో భాగించండి. 0.217, 0.263 వస్తాయి. నూటికి 55 నియోబియమే. అట్ట మార్చండి.

సరుకు_బేరం:
మాస్టారూ, మీ లెక్క పుస్తకంలో బాగుంటుంది. కొనేవాడు డబ్బులిచ్చేది టాంటలం ఆక్సైడ్ శాతానికి. 48 శాతమున్న సరుకును కొలంబైట్ అని చెప్తే వాడు ధర తగ్గించడానికే చూస్తాడు. కాంగోలో రెంటినీ కలిపి కోల్టాన్ అనేసి ఈ తంటా వదిలించుకున్నారు.

ఎక్స్‌రే_అక్క:
పేరు కోసం కొట్టుకోవడం కొత్తేం కాదు. 1809లో వొలాస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో కొలంబైట్, టాంటలైట్ అని రెండు రాళ్లున్నాయి. ఒకదాని సాంద్రత 5.9, ఇంకోదానిది 7.9. అంత తేడా కళ్లముందున్నా రెంటిలోనూ ఒకే మూలకం అన్నాడు! 1844లో హైన్‌రిక్ రోజ్ అనే ఇంకో రసాయన శాస్త్రవేత్త వచ్చి వేరుచేసేదాకా అదే మాట నడిచింది. టాంటలం, నియోబియం అయాన్లు రెంటిదీ ఒకే సైజు, 0.64 ఆంగ్‌స్ట్రాం (సెంటీమీటరులో పది కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రాం). ఒకదాని చోట ఇంకోటి హాయిగా కూర్చుంటుంది.

కానీ మాస్టారూ, మీరు కూడా తొందరపడ్డారు. కొలంబైట్ అనాలంటే లోపల వరస ఉండాలి: ఒక పొర ఇనుము-మాంగనీసు, తర్వాత రెండు పొరలు నియోబియం-టాంటలం, మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. అందుకే యూనిట్ సెల్, అంటే స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న గడి, ఒకవైపు 14.2 ఆంగ్‌స్ట్రాంల పొడవుంటుంది. అన్నీ కలగాపులగంగా ఉంటే అది మూడోవంతుకు, 4.7కి పడిపోతుంది. అప్పుడది ఇక్సియోలైట్ అనే వరస లేని ఖనిజం వైపు పోతుంది. రసాయన శాతాలు అవే, సాంద్రత కూడా దాదాపు అదే. మీ దారం, తక్కెడ ఈ తేడా పట్టలేవు.

లెక్కల_మాస్టారు:
ఒప్పుకుంటా. అయితే 1000 డిగ్రీల్లో కాల్చి చూస్తే సరి. వరస కుదిరి ఎక్స్‌రేలో కొలంబైట్ గీతలొస్తే తేలిపోతుంది కదా?

ఎక్స్‌రే_అక్క:
అదే నాకు నచ్చని పద్ధతి. కాల్చాక వచ్చిన వరస మీ కొలిమిది. తాత తెచ్చినప్పుడు రాయిలో అది ఉందో లేదో దాంతో ఎలా తెలుస్తుంది? పైగా గాల్లో కాలిస్తే ఇనుము ఆక్సీకరణం చెంది వేరే దశలు కూడా పుడతాయి. ముందు కాల్చని పొడి పెట్టి, రాగి ఎక్స్‌రే కిరణాల్లో 12.4 డిగ్రీల కోణం దగ్గర, వరస ఉంటేనే వచ్చే గీత ఉందో లేదో చూడాలి. కాల్చి పోల్చుకోవడం ఆ తర్వాత పని.

గూడూరు_నల్లరాయి:
అక్కా, పొడి ఎంత కావాలి? రాయంతా నూరాలంటే మా నాయన ఊరుకోడు.

ఎక్స్‌రే_అక్క:
అర గ్రాము చాలు తమ్ముడూ. విరిగిన మూల నుంచి తీయి. అట్ట మీద ప్రస్తుతానికి ప్రశ్నార్థకం పెట్టు.