రిటైర్మెంట్ డబ్బు ఒకేసారి చేతికొస్తే కరిగిపోకుండా ముందే ఏం చేయాలి?

ప్రశ్న: నాన్నగారు 58 ఏళ్లకు రిటైర్ అవుతున్నారు. పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు కలిపి సుమారు 55 లక్షలు వస్తాయి. నెల ఖర్చు 40 వేలు, ఈపీఎస్ పెన్షన్ 4 వేలు. పైన ఇంకో అంతస్తు వేయమని ఒకరు, స్థలం కొనమని ఇంకొకరు చెబుతున్నారు. ఏ పథకంలో పెట్టాలన్న దానికన్నా, అంత డబ్బు చూశాక మనసు తప్పుదారి పట్టకుండా ఏం చేయాలో చెప్పండి.

జవాబు 1: 55 లక్షలు ఒకే ఖాతాలో కనిపిస్తే అది ‘బోలెడంత డబ్బు’ అనిపిస్తుంది. ఖర్చులో పెన్షన్ పోను కావాల్సిన నెలకు 36 వేల చొప్పున చూస్తే అదే డబ్బు జీతంలా కనిపిస్తుంది. ప్రవర్తనా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ దీన్నే మానసిక ఖాతాలు అన్నారు. పేరు పెట్టి వేరు చేసిన డబ్బును ముట్టుకోవాలంటే మనిషి తటపటాయిస్తాడు. దాన్నే వాడుకోండి.

డబ్బు పడకముందే రెండు ఖాతాలు తెరవండి. పెద్ద ఖాతాకు యూపీఐ, డెబిట్ కార్డు పెట్టకండి. అందులోంచి ప్రతి నెలా ఒకటో తేదీన 36 వేలు ఖర్చు ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ప్రభుత్వ సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో గరిష్ఠంగా 30 లక్షలు పెట్టొచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. మిగతా 15,500 వేరేచోట నుంచి రావాలి. మూడేళ్లకు అది 5.58 లక్షలు. కనుక 6 లక్షలు విడివిడి ఎఫ్‌డీలుగా పెట్టండి. వైద్యానికి 5 లక్షలు పక్కన ఉంచండి. మిగిలిన 14 లక్షల్లో కొంతైనా ఈక్విటీలోకి, అంటే షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లలోకి వెళ్లాలి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ్టి 40 వేల ఖర్చు పదేళ్లకు 71 వేలు దాటుతుంది మరి.

జవాబు 2: పైన చెప్పినదానికి ఒక సవరణ. స్కీమ్ వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి మొదట్లోనే పడుతుంది. మొదటి నెలకే ఖాతా ఖాళీగా ఉంటే బదిలీ ఆగిపోతుంది, ఇంట్లో కంగారు మొదలవుతుంది, వెంటనే ఎఫ్‌డీ బద్దలు కొడతారు. కనుక ముందే మూడు నెలల 1,08,000 ఆ ఖాతాలో వేసి ఉంచండి. 60 నిండనివారు, రిటైర్మెంట్ సొమ్ము అందిన మూడు నెలల్లోపే ఈ స్కీమ్‌లో చేరాలి. గడువు దాటితే 60 వచ్చేదాకా ఆగాల్సిందే.

ఆ 6 లక్షల ఎఫ్‌డీల అసలు పని వడ్డీ కాదు. మనస్తత్వవేత్తలు కానమన్, ట్వర్‌స్కీ 1979లో చూపించింది ఇదే: వచ్చిన లాభం ఇచ్చే ఆనందం కన్నా అంతే నష్టం పెట్టే బాధ చాలా ఎక్కువ. మార్కెట్ పడ్డప్పుడు ఇంటిఖర్చు ఎఫ్‌డీల నుంచి నడుస్తుంటే ఫండ్ యూనిట్లు అయినకాడికి అమ్ముకోవాల్సిన అవసరం రాదు. ఫండ్ విలువ రోజూ ఫోన్‌లో చూడటం మానిపించండి, ఏడాదికి ఒకసారి చాలు.

ప్రశ్న అడిగినవారు: చుట్టాలు చేబదులు అడిగితే? వద్దంటే నాన్నగారు బాధపడతారు.

జవాబు 3: ‘ఇవ్వను’ అనే మాట ప్రతిసారీ కొత్తగా చెప్పాల్సి వస్తే ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు మెత్తబడతారు. ఏడాదికి ఇచ్చే మొత్తం, ఉదాహరణకు 30 వేలు, ఏప్రిల్‌లోనే వైద్యం డబ్బు కాకుండా ఈక్విటీకి వెళ్లేదాంట్లోంచి తీసి పక్కన పెట్టేయండి. తిరిగి రాదనుకునే ఇవ్వండి. 25 వేలు దాటే ఏ ఖర్చుకైనా ఇంట్లో ఇద్దరి సంతకం, 30 రోజుల గడువు పెట్టుకోండి. ఇంటిమీద అంతస్తు విషయానికీ అదే నియమం.

ఇవ్వడం పూర్తిగా ఆపకండి మాత్రం. ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైఖేల్ నార్టన్ 2008 పరిశోధనలో, ఇచ్చిన చిన్న మొత్తాన్ని ఇతరులపై ఖర్చుపెట్టినవారు తమమీదే పెట్టుకున్నవారికన్నా ఆ సాయంత్రం ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. కొత్త కారు సంబరం అలవాటుతో త్వరగా చల్లారుతుంది. మనుషులతో గడిపే పని అంత త్వరగా పాతబడదు. అందుకే రిటైర్ కాకముందే వారంలో రెండు రోజులకైనా ఒక నిర్ణీత పని కుదుర్చుకోమనండి: దగ్గర్లోని లైబ్రరీలోనో, పిల్లలకు లెక్కలు చెప్పడమో. ఆఫీసు ఆగిన మొదటి నెలల్లోని ఖాళీ పూటల్లోనే స్థలాల బేరాలు ఎక్కువగా మనసుకెక్కుతాయి.