పెద్ద కంపెనీలు నిజంగా కట్టే ఆదాయపు పన్నును ఏ అంకెతో కొలవాలి?

అమెరికాలో కార్పొరేట్ ఆదాయపు పన్ను రేటును 2018లో 35 శాతం నుంచి 21 శాతానికి తగ్గించారు. అయితే పెద్ద కంపెనీలు వాస్తవంగా ఎంత కడుతున్నాయో తెలుసుకుందామని వార్షిక నివేదికలు తెరిస్తే, ఒకే ఏడాదికి రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తున్నాయి. లాభనష్టాల ఖాతాలోని పన్ను ఖర్చులో వాయిదా పడిన పన్ను (ఇప్పుడే ఖర్చుగా రాసినా తర్వాతి ఏళ్లలో కట్టేది) కూడా కలిసి ఉంటుంది; నగదు ప్రవాహ పట్టిక ఆ ఏడాది నిజంగా చెల్లించిన సొమ్మును చూపుతుంది కానీ, అందులో పాత సంవత్సరాల బకాయిలు, విదేశాల్లో కట్టిన పన్నులు కలిసిపోతాయి. యంత్రాలపై ముందుగానే తీసుకునే తరుగుదల (వాటి విలువ తగ్గుదలను ఖర్చుగా చూపడం) పన్నును వాయిదా వేస్తుందే తప్ప రద్దు చేయదు కాబట్టి, ఒక్క ఏడాది పన్ను సున్నాగా ఉండడం చూసి కంపెనీని ఎగవేతదారు అనడం అన్యాయమని నా అభిప్రాయం. మరి ఎన్నేళ్ల సగటు తీసుకుంటే న్యాయంగా ఉంటుందో, అమెరికా ప్రభుత్వానికి చేరిన భాగాన్ని ఎలా విడదీయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.