రాసినవాడి పేరు తెలిస్తే జానపదం కాకుండా పోతుందా?

పాతక్యాసెట్:
మనం కలిసి కూరుస్తున్న పాటల జాబితాలో ‘సంప్రదాయం’ విభాగం నుంచి నిన్న ‘షోల్స్ ఆఫ్ హెరింగ్’ మాయమైంది. తీసేసినవారు రాసిన కారణం ఇంతే: “రచయిత తెలుసు, 1960.” నిజమే. చేపల వేటకు వెళ్ళేవాళ్ళ జీవితం మీద బీబీసీ చేసిన రేడియో కార్యక్రమం కోసం బ్రిటిష్ గాయకుడు ఇవాన్ మెకాల్ కట్టిన పాట అది. కానీ ఐర్లండ్‌లో కొందరి నోట అదే పాట ‘షోర్స్ ఆఫ్ ఎరిన్’ అయిపోయింది. హెరింగ్ ఒక చేప. ఎరిన్ ఐర్లండ్‌కు పాత పేరు. చేపల గుంపులు కాస్తా ఐర్లండ్ తీరాలయ్యాయన్నమాట! ఎవరూ పనిగట్టుకుని మార్చలేదు. చెవికి ఎలా వినబడితే నోరు అలా పాడింది. ఇంతకన్నా జానపదం ఏముంటుంది? తిరిగి పెట్టాలి.

నిక్కచ్చి:
తీసింది నేనే. తప్పుగా పాడితే చాలు జానపదం అయిపోతుందంటే, సినిమా పాటల్లో సగం మాటలు మనం తప్పుగానే పాడతాం. అవీ తెచ్చి పెడదామా? అందరూ పాడే పాట వేరు, సంప్రదాయ పాట వేరు. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ఈరోజు గిటార్, రేపు డ్రమ్ మెషీన్.

తీగసవరణ:
నిక్కచ్చి గారూ, వాయిద్యాల జోలికి మాత్రం వెళ్ళకండి, అక్కడ మీ వాదన నిలబడదు. ఇవాళ ఐరిష్ జానపదం అనగానే గుర్తొచ్చే బూజుకి గ్రీసు తీగవాయిద్యం. 1960ల మధ్యలో ఐరిష్ గాయకుడు జానీ మొయినహన్ దాన్ని ఐరిష్ పాటల్లోకి తెచ్చాడు. శ్రుతి మార్చుకున్నారు, గుండ్రంగా ఉండే వెనక భాగాన్ని చదునుగా చేయించుకున్నారు, అంతే, ఇంటిదైపోయింది. అకార్డియన్‌కు వియన్నాలో పేటెంట్ తీసుకున్నది 1829లో. దాన్ని చూసి ఇప్పుడు ఎవరైనా నొసలు చిట్లిస్తున్నారా?

గీత కావాలంటారా, అది ఎప్పుడో గీశారు. 1954లో సావో పాలోలో అంతర్జాతీయ జానపద సంగీత మండలి చెప్పిన నిర్వచనం చూడండి. పాట నిన్నటితో తెగిపోకూడదు, పాడేవాళ్ళ చేతిలో మారాలి, ఏ రూపం మిగలాలో జనం ఎంచుకోవాలి. రచయిత ఉన్నా అభ్యంతరం లేదు. రాతతో పనిలేకుండా జనంలో కలిసిపోతే చాలు. తయారుగా వచ్చి, ఉన్నదున్నట్టు ఉండిపోయిన పాట మాత్రం కాదు. మీ సినిమా పాటల ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

నిక్కచ్చి:
చదివాను. బాగుంది, కానీ ఆ మాట మన చేతుల్లోకి ఫోన్ రానప్పటిది. ఇప్పుడు ఒక మాట మీద అనుమానం వస్తే రెండు నిమిషాల్లో అసలు రికార్డింగ్ వినేస్తాం. హెరింగ్‌ని ఎవరైనా ఎరిన్ అని పాడితే వీడియో కింద పది మంది సరిచేస్తారు. మారే దారే మూసుకుపోయాక సంప్రదాయం ఎక్కణ్ణుంచి పుడుతుంది? పైగా మీ అందరికీ పాట మారుతూ ఉండాలి, పాతగానూ ఉండాలి. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అంటే ఎలా?

పాతక్యాసెట్:
దారి మూసుకుపోయిందా? నా సంగతి చెబుతాను వినండి. ఇరవై ఏళ్ళ వయసులో ఒక పాట క్యాసెట్ విని నేర్చుకున్నాను. మూడో చరణం దగ్గర టేపు నలిగి ఉండేది. గొంతు కాస్త వణికి, సగం పాదం మింగేసి, తర్వాతి పాదంలోకి దూకేది. అది గాయకుడి గమకం అనుకుని ఎంత సాధన చేశానో! ఆ వణుకు, ఆ దూకుడు రెండూ అలాగే దించాను. ఏళ్ళ తర్వాత మంచి కాపీ దొరికింది. అక్కడ వణుకూ లేదు, గిణుకూ లేదు. కానీ అప్పటికి నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు అలాగే పాడుతున్నారు. అసలుది వినిపిస్తే, “ఇది చప్పగా ఉందండీ” అన్నారు. రికార్డింగే పాటను మార్చింది, ఎంపిక వాళ్ళు చేశారు.

నిక్కచ్చి:
అది సంప్రదాయం కాదు, టేప్ రికార్డర్ హెడ్డు తుడవకపోవడం.

గొంతుజీర:
ఇందాకటి నుంచి చూస్తున్నాను, అందరూ పాట గురించే గానీ పాట కట్టినవాడి గురించి ఒక్కరూ అడగరే? దక్షిణాఫ్రికా గాయకుడు సాలమన్ లిండా 1939లో ‘ఎంబూబె’ రికార్డు చేశాడు. ఆ రికార్డు అమెరికా చేరింది, అక్కడ ‘వీవర్స్’ బృందం ఆఫ్రికా జానపదం అనుకుని పాడింది. పాటలోని ‘ఉయింబూబె’ అన్న మాట వాళ్ళ చెవికి ‘విమోవె’గా వినబడింది. అచ్చం మీ ఎరిన్ కథే, ముచ్చటపడాల్సిందే. కానీ అదే వరస మీద 1961లో ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ వచ్చి ఊరూవాడా మోగింది. 1962లో లిండా పేదరికంలోనే పోయాడు. పాట హక్కుల కోసం కుటుంబం కోర్టుకెక్కితే 2006లో గానీ రాజీ కుదరలేదు.

మనం ప్రేమగా ‘సంప్రదాయం’ అని రాసిన చోట, వ్యాపారం చేసేవాడు ‘అడిగేవాడు లేడు’ అని చదువుకుంటాడు. పెద్దవాళ్ళూ ఇందులో పొరబడ్డారు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తన ఐదో ‘హంగేరియన్ నృత్యం’ అనే రచనకు తీసుకున్న వరస జానపదం అనుకున్నాడు. అది బేలా కేలెర్ అనే స్వరకర్తది. అందుకే పేరు తెలిసి కూడా దాచే పద్ధతి నాకు నచ్చదు. అలాగని పేరు తెలిసిందని పాటను బయటికి తోసేయడమూ నచ్చదు.

తీగసవరణ:
అయితే తప్పు మన పట్టికలోనే ఉంది. ‘రచయిత’ గడిలో ‘సంప్రదాయం’ అని నింపుతున్నాం. ఎవరు కట్టారన్నది ఒక ప్రశ్న, తర్వాత పాట ఎలా బతికిందన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ ఒకే గడిలో కుక్కేశాం.

నిక్కచ్చి:
సరే, రెండు గడులు చేస్తాను. రచయిత తెలిస్తే పేరు, సంవత్సరం. తెలియకపోతే ‘తెలియదు’ అని మాత్రమే. రెండో గడిలో పాఠాంతరాలు, ఎవరి దగ్గర విన్నామన్నది. మెకాల్ పేరుతోనే హెరింగ్ తిరిగి వస్తుంది, ఎరిన్ దాని కిందే. పాత పాటలు మూడు వందల దాకా సరిచేయాలి, ఎవరైనా చెయ్యి వేయండి. పాతక్యాసెట్ గారి నలిగిన టేపు పాఠం మాత్రం పెట్టను.

పాతక్యాసెట్:
‘అ’ నుంచి ‘ఔ’ దాకా నేను చూస్తాను. టేపు సంగతి తర్వాత పోట్లాడదాం.