పొద్దున 3.12, మధ్యాహ్నం 3.04 హెర్ట్జ్: వంతెన దెబ్బతిన్నట్టేనా?

స్పాన్38:
38 మీటర్ల స్టీలు వంతెన, మనుషులు నడవడానికి మాత్రమే. ఎంటెక్ ప్రాజెక్టు కోసం మూడు యాక్సిలరోమీటర్లు (కదలికను పట్టే సెన్సార్లు) పెట్టి వారంగా కంపనాలు రికార్డు చేస్తున్నాను. వంతెనను ఊపే యంత్రం (షేకర్) లేదు, గాలీ జనం నడకా కదిలించినంతే. మొదటి మోడ్ (వంతెన సహజంగా ఊగే తీరుల్లో అన్నిటికన్నా నెమ్మదైనది) తెల్లవారుజామున 3.12 హెర్ట్జ్, అంటే సెకనుకు 3.12 ఊపులు, మధ్యాహ్నం రెండింటికి 3.04. రాత్రికి మళ్లీ పైకి. మా గైడ్ గారు ‘బోల్టులు వదులయ్యాయేమో’ అన్నారు, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. రెండో మోడ్ అసలు కనబడటమే లేదు.

ఎఫ్ఎఫ్‌టీ అక్క:
ముందిది చెప్పు. ఎన్ని సెకన్ల ముక్కలతో ఎఫ్ఎఫ్‌టీ (కంపనాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) చేశావు? 8 సెకన్లయితే గ్రాఫులో గీతకీ గీతకీ 0.125 హెర్ట్జ్ దూరం. నీ తేడా 0.08 అందులోనే మునిగిపోతుంది.

స్పాన్38:
60 సెకన్లు అక్కా. సెన్సార్లు నడిమధ్యలో ఒకటి, బేరింగుల (వంతెన చివర్లు ఆనే చోట్లు) దగ్గర చెరొకటి.

పాతసైటు ఇంజినీరు:
రెండో మోడ్ దొంగ అక్కడే దొరికాడు! ఆ మోడ్‌లో వంతెన సగం పైకి, సగం కిందికి వంగుతుంది, నడిమధ్య కదలదు. బేరింగుల దగ్గర ఏ మోడ్‌కీ పెద్దగా కదలదు. మూడు సెన్సార్లనూ ఏరికోరి సున్నాల మీద పెట్టావు. ఒకదాన్ని పావు స్పాన్ (వంతెన పొడవులో నాలుగో వంతు) దగ్గరికి జరిపి 12 హెర్ట్జ్ చుట్టుపక్కల వెతుకు.

ఇక మొదటిది. వదులైన బోల్టు రాత్రికి తనంతట తాను బిగుసుకోదు కదా, ఇది ఎండ పని. స్విట్జర్లాండ్‌లో జెడ్24 వంతెనను కూల్చేముందు 1997-98లో దాదాపు ఏడాది కొలిచారు. గడ్డకట్టే చలిలో పైనున్న తారు బిగుసుకుని ఫ్రీక్వెన్సీలు పెరిగేవి. అయితే ఉక్కు వేడెక్కినంత మాత్రాన నీకు 2.6 శాతం తగ్గదు. డెక్ (జనం నడిచే తలం) మీద తారుందా, బేరింగులు పట్టేశాయా చూడు.

ఎఫ్ఎఫ్‌టీ అక్క:
అలాగని ఫ్రీక్వెన్సీ కదలకపోతే అంతా క్షేమమనీ అనుకోకు. 1993లో న్యూ మెక్సికోలో ఐ-40 వంతెన గర్డర్‌ను (బరువు మోసే పెద్ద దూలాన్ని) నాలుగు విడతలుగా కోస్తే, మొదటి మూడు కోతలకు ఫ్రీక్వెన్సీ తగ్గనే లేదు. మోడ్ ఆకారాలు కూడా గీసి పెట్టుకో.

స్పాన్38:
సెన్సార్ జరిపాను. 12.2 దగ్గర శిఖరం నిటారుగా నిలబడింది! డెక్ మీద తారు ఉంది సార్. రేపు సెన్సార్ పక్కన థర్మామీటర్ అతికిస్తాను.